కుడితి కాదు బావా, చౌడర్

దసరా మర్నాడు మా ఇంట్లో పదకొండు మందిమి భోజనానికి కూర్చున్నాం. పొద్దున్నే వర్లీ కోళీవాడాకు పోయి ఆరు వాటాల తిసర్యా తెచ్చా. తూకం వేస్తే రెండు కిలోలకు కాస్త ఎక్కువే ఉంటాయి. నాలుగు గంటలు వాటి వెనకే తిరిగి తేటనీళ్ళ చౌడర్ చేశా. గిన్నె మూత తీయగానే మా బావ తొంగిచూసి, "ఏంది బామ్మర్దీ, కుడితి పెట్టినవ్?" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వా. బావ మాట అట్లాగే ఉంటది, ముప్పై ఏండ్లుగా వింటున్నా. కానీ తర్వాత జరిగింది మాత్రం నవ్వుకునేది కాదు. బావ కొడుకు చెప్పులేసుకుని కిందికి పరిగెత్తి, వాణీ దుకాణం నుంచి క్రీమ్ డబ్బా తెచ్చాడు. బావ తన గిన్నెలో దాన్ని గుమ్మరించి, చెంచాతో తిప్పి, "గిప్పుడు చౌడర్ లెక్కుంది" అని అందరికీ చూపించాడు. మరో అయిదుగురు గిన్నెలు ముందుకు చాపారు. నాలుగు గంటలు నేను కాపాడిన రుచి నాలుగు నిమిషాల్లో పాల కింద మునిగిపోయింది.

మన పిల్లల్లో సగం మందికి కుడితి అంటే తెలియదు గనుక చెబుతున్నా. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, తౌడు, కూరగాయల తొక్కులు తొట్టిలో కలిపి బర్రెలకు పెట్టేది కుడితి. బావ పోలికలో సగం నిజముంది, ఒప్పుకుంటా. గుల్లల నీళ్ళు అద్దంలా మెరవవు. బియ్యం రెండోసారి కడిగిన నీళ్ళలా బూడిదరంగులో, కొంచెం నీలం జీర పడ్డట్టు ఉంటాయి. తేట అని ఎందుకంటామంటే అందులో పాలు లేవు, పిండి లేదు, టమాటా లేదు. అడుగున ఉన్న ఆలుగడ్డ ముక్క కనిపిస్తుంది. అంతే తప్ప మంచినీళ్ళలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

నా వాదన ఏమిటంటే, ఇంట్లో గుల్లలతో చౌడర్ చేయాలనుకునేవాళ్ళు తేటనీళ్ళదే చేయాలి. పాలు, క్రీమ్ పోసి చేయాలనుకుంటే గుల్లలు కొనడం దండగ. అందులో మైదా వేసి చిక్కగా చేసేవాళ్ళయితే ఏకంగా ఆలుగడ్డ సూప్ పెట్టుకుని, గుల్లల డబ్బులు మిగుల్చుకోవచ్చు.

"నీకెట్లా తెలుసు, నువ్వేమన్నా అమెరికోడివా?" అని బావే అడిగాడు. కాను. మూడేండ్ల కింద అక్క కూతురు దగ్గరికి ప్రావిడెన్స్ పోయి మూడు వారాలున్నా, అంతే. రోడ్ ఐలాండ్ చాలా చిన్న రాష్ట్రం, అమెరికా మొత్తంలో అన్నిటికంటే చిన్నది. సముద్రం దాని నడుమ దాకా చొచ్చుకొచ్చి ఉంటుంది. తేట చౌడర్ ఆ ఊళ్ళది. మిగతా న్యూ ఇంగ్లండ్‌లో పాలు పోసిన తెల్ల చౌడర్, న్యూయార్క్ పేరు చెప్పి టమాటాది ఎర్ర చౌడర్. రోడ్ ఐలాండ్ వాళ్ళు మాత్రం గుల్లల నీళ్ళు, ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, ఉప్పు పట్టించిన పంది కొవ్వు, మిరియాలు, వీటితో సరిపెడతారు. సముద్రం పక్క కొట్లలో మూడు రకాలూ దొరుకుతాయి. కౌంటర్ దగ్గర "తెల్లదా, ఎర్రదా, తేటదా" అని అడుగుతారు. పక్కన నంజుకోవడానికి గుల్లల ముక్కలు వేసిన పునుగుల్లాంటివి ఇస్తారు, క్లామ్ కేక్ అంటారు. కేక్ అన్నారు గదా అని తియ్యగా ఉంటుందనుకుని మా ఆవిడ మొదటిరోజు వద్దన్నది. రెండో రోజు నుంచి నా వాటా కూడా తినేసింది.

వాళ్ళు వాడే గుల్ల పేరు కోహాగ్. అక్కడి మూలవాసులైన నరగాన్‌సెట్ జనం మాటలోంచి వచ్చిన పేరు అది. 1987లో దాన్ని ఆ రాష్ట్రపు గుల్లగా కూడా ప్రకటించుకున్నారు. చిన్నవాటిని లిటిల్‌నెక్ అంటారు, నడిమివాటిని చెర్రీస్టోన్ అంటారు, అరచేతి మందాన ఉండే ముదురువాటికి పేరే చౌడర్ గుల్లలు. గుల్ల లోపల ఒక అంచున ఊదారంగు ఉంటుంది. ఆ రంగు ముక్కల్ని అరగదీసి నరగాన్‌సెట్ వాళ్ళూ చుట్టుపక్కల జనాలూ వాంపమ్ అనే పూసలు చేసేవారు. వలసొచ్చిన తెల్లవాళ్ళు ఆ పూసల్ని డబ్బుగా కూడా చెలామణీ చేశారు. అందుకే శాస్త్రంలో ఆ గుల్ల పేరు మెర్సెనారియా మెర్సెనారియా. లాటిన్‌లో ఆ మాటకు మూలం కూలి, జీతం. గుల్ల పేరులోనే కూలి ఉందని తెలిసినప్పుడు మా బాపు గుర్తొచ్చాడు.

ఎందుకంటే ప్రావిడెన్స్ పక్కనే పాటకెట్ అని ఊరుంది. అక్కడ బ్లాక్‌స్టోన్ నది ఒడ్డున 1793లో కట్టిన స్లేటర్ మిల్లు ఇంకా నిలబడి ఉంది. అమెరికాలో నీటి బలంతో నూలు వడికే మిల్లుల కథ అక్కడి నుంచే మొదలైంది. సామ్యూల్ స్లేటర్ అనే ఆయన ఇంగ్లండ్ మిల్లుల్లో పని నేర్చి, ఆ యంత్రాల లెక్కంతా బుర్రలో పెట్టుకుని ఓడెక్కాడు. మనం సాలోళ్ళం. మా తాత సిరిసిల్ల పక్క పల్లెలో మగ్గం వదిలి బొంబాయి మిల్లుకొచ్చినోడు. ఎక్కడికి పోయినా నూలు మిల్లు కనబడితే ఆగి చూడటం మా రక్తంలో ఉంది. చూసి బయటికొచ్చి అదే ఊళ్ళో ఆ రోజు మధ్యాహ్నం మొదటిసారి తేట చౌడర్ తాగా. మొదటి గుటకకే నేను ప్రావిడెన్స్‌లో లేను. వర్లీ బీడీడీ చాల్‌లో, మా నాయనమ్మ పొయ్యి ముందర కూర్చున్నా.

ఈ ముక్క చెప్పకుండా వాదన ముందుకు పోదు. 1982 జనవరి 18న బొంబాయి బట్టల మిల్లుల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది పని మానేశారు, దత్తా సామంత్ నాయకుడు. మా బాపు అందులో ఒకడు. నాకప్పుడు పదమూడేండ్లు. మొదటి రెండు నెలలు అప్పుతో గడిచింది. తర్వాత కిరాణా కొట్టువాడు మొహం తిప్పుకున్నాడు. సగం మంది ఊళ్ళకు పోయారు, మేం పోలేదు. ఊళ్ళో మగ్గం ఎప్పుడో అమ్మేశాం గదా, పోయి ఏం చేయాలె.

తెలంగాణ నడిబొడ్డున పుట్టిన మా నాయనమ్మ పెండ్లయ్యేదాకా సముద్రం చూడలేదు. బొంబాయొచ్చిన కొత్తలో గుల్లల్ని చూసి "పురుగులు" అని మొహం చిట్లించేదట. ఆమెకు తిసర్యా నేర్పింది ఒక కోళీ మావ్‌షీ. పాటు సమయంలో బురదలో కాలి వేళ్ళతో తడిమి గుల్లలు ఏరుకొచ్చే ఆడవాళ్ళలో ఆమె ఒకతె. అమ్మగా మిగిలిన వాటాలు సమ్మె రోజుల్లో మా ఇంటికి తెచ్చి పెట్టేది. డబ్బులు తర్వాత అనేది. ఆ తర్వాత ఎప్పుడొచ్చిందో, అసలొచ్చిందో లేదో నాకు తెలియదు.

నాయనమ్మ జర్మన్ గిన్నెలో తిసర్యా ఉడికించి, గుల్లల్లోంచి మాంసం తీసి పిల్లలకు పెట్టేది. ఒక్కో గుల్లలో కందిగింజంత ఉంటది. ఆ నీళ్ళు పాత ధోతీ గుడ్డలో వడకట్టి, ఒక ఉల్లిగడ్డ, నాలుగు ఎల్లిపాయలు, ఒక పచ్చిమిరపకాయ, మావ్‌షీ ఇచ్చిన ఆమ్‌సోల్ ముక్క వేసి కాచేది. పెద్దవాళ్ళు ఆ నీళ్ళు అన్నంలో పోసుకునేవారు. మసాలా లేదు. ఎందుకంటే ఇంట్లో లేదు. కొబ్బరి లేదు, అదీ ఇంట్లో లేదు గనకే. నాయనమ్మ చౌడర్ చేసిందని నేననట్లేదు. అందులో ఆలుగడ్డ ఉండేది కాదు, పంది కొవ్వు అసలే లేదు, పులుపు ఉండేది. ఆమెకు నేను ఆ పేరు తగిలిస్తే ఆమే నవ్వుతుంది. నేననేది ఒక్కటే: రెండు చోట్లా లేనివాళ్ళ పొయ్యి మీద, గుల్ల విడిచిన నీళ్ళనే కూరగా నిలబెట్టారు.

ఇప్పుడు క్రీమ్ సంగతి. తెల్లదే అసలుదని, తేటది పేదవాళ్ళు సర్దుకున్న నకలని మా ఇంట్లో చదువుకున్నవాళ్ళే అన్నారు. తలకిందుల మాట. అమెరికాలో అచ్చయిన చౌడర్ వంటకాల్లో మనకు తెలిసిన మొదటిది 1751 సెప్టెంబర్‌లో బోస్టన్ పత్రికలో వచ్చింది, అదీ పద్యంలో. చేపల చౌడర్ అది. ఉల్లిగడ్డ, పంది మాంసం, చేప, ఓడ బిస్కెట్, కొన్ని ఆకులు, ఎర్ర ద్రాక్షసారా, నీళ్ళు ఉన్నాయి. పాలు లేవు. ఆలుగడ్డ కూడా లేదు. వందేండ్లకు, 1851లో అచ్చయిన మోబీ డిక్ నవలలో హెర్మన్ మెల్విల్ ఒక అధ్యాయానికి చౌడర్ అనే పేరు పెట్టాడు. నాంటకెట్ సత్రంలో ఇద్దరు తినే ఆ గుల్లల చౌడర్‌లో పొడి చేసిన ఓడ బిస్కెట్, ఉప్పు పంది, వెన్న, మిరియాలు, ఉప్పు ఉన్నాయి. అందులోనూ పాలు లేవు. ఓడ మీద నెలల తరబడి తిరిగేవాడికి పాలెక్కడివి? చౌడర్ అన్న మాటే ఫ్రెంచి వాళ్ళ కాగు, షోదియేర్, నుంచి వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. కాగులో పడేదే దొరుకుతుంది, అంతే.

అట్లాగని నేను మడి కట్టుకుని కూర్చోలేదు. 1830ల నాటి లిడియా మరియా చైల్డ్ వంట పుస్తకంలో చౌడర్‌లోకి టమాటా కెచప్ బాగుంటుందని ఉంది. అంటే ఎరుపూ పాతదే. అయినా 1939లో మెయిన్ రాష్ట్ర శాసనసభలో ఒకాయన, గుల్లల చౌడర్‌లో టమాటా వేయడం నేరం చేయాలని బిల్లు పెట్టాడు. నవ్వులాటకే అయినా పెట్టాడు. మనం మా ఊరి పులుసు, మీ ఊరి పులుసు అని కొట్టుకున్నట్టే. నేను అంత దూరం పోను. బావ క్రీమ్ పోసుకుంటే జైల్లో పెట్టమనను. వంటింట్లో పాల వల్ల ఏం జరుగుతుందో మాత్రం చెబుతా.

గుల్ల రుచి దాని మాంసంలో సగం, నీళ్ళలో సగం. మాంసం నమలడానికి, నీళ్ళు రుచికి. ఆ రుచి ఉప్పుతో, కొంచెం తీపితో, ఇనుపగిన్నె కడిగినట్టుండే వాసనతో నాలుక పక్కల పట్టుకుంటుంది. పాల కొవ్వు నాలుక మీద పొరలా కూర్చుని వీటన్నిటినీ వెనక్కి నెడుతుంది. మైదా మిగతా పని చేస్తుంది. అందుకే తెల్ల చౌడర్‌లో గుల్లలు ఎన్ని పడ్డాయో, ఎప్పటివో చెంచాకు తెలియదు. హోటలోడికి అది లాభం. పదిమందికి సరిపడే గుల్లల్ని నలభై గిన్నెలకు సాగదీయొచ్చు. సీసాలో వచ్చిన పాత నీళ్ళు పోసినా దొరికిపోడు. తేటదాంట్లో దాక్కోవడానికి చోటుండదు. గుల్ల నిన్నటిదైతే మొదటి గుటకలో తెలుస్తుంది. ఇసుక ఉంటే పన్ను చెబుతుంది. ఇంట్లో వండేవాడికి హోటలోడి అవసరం ఎందుకు? మనకు సాగదీసే పని లేదు, దాచే పనీ లేదు.

ఇంకో వర్గం ఉంది. వాళ్ళు క్రీమ్ వద్దంటారు, కానీ "కొంచెం మన టచ్ ఇద్దాం" అంటారు. మా చిన్నమ్మ ఆ పార్టీ. అల్లం ఎల్లిపాయ ముద్ద, కరివేపాకు, ధనియాల పొడి, చివర కొత్తిమీర. వీళ్ళతో నా గొడవ బావతో ఉన్నదానికంటే పెద్దది. బావ రుచిని మూసేస్తే, వీళ్ళు ప్రేమతో మూసేస్తారు. మసాలా వేసి తిసర్యా వండాలంటే కోళీ వాళ్ళ సుక్కే ఉంది, మంగుళూరు వాళ్ళ మరువాయి సుక్కా ఉంది. రెండూ నాకిష్టం. నెలకోసారి తింటా. అక్కడ కొబ్బరి మసాలా గుల్లతో కలిసి ఇంకో కూర అవుతుంది. నీళ్ళ వంటకంలో అదే మసాలా వేస్తే అది మామూలు రసమే, గుల్ల ఉన్నా లేకున్నా ఒకటే. బయటికొచ్చిన తెలుగోళ్ళం ప్రతి గిన్నెలో తిరగమాత వేస్తే తప్ప అది మనది కాదనుకుంటాం. పొరుగింటోళ్ళ దగ్గర నేర్చుకున్నదాన్ని నేర్చుకున్నట్టే వండుకుంటే మన తెలుగు ఏమన్నా తగ్గుతదా?

సరే, ఎట్లా చేయాలో చెబుతా. నలుగురికి రెండు కిలోల తిసర్యా. యానాం, కాకినాడ దిక్కు గుల్లలు అని అడగండి, చెన్నై దిక్కు మట్టి, మంగుళూరులో మరువాయి. రకాన్ని బట్టి రుచి కొంత మారుతుంది గానీ పద్ధతి మారదు. నోరు గట్టిగా మూసుకున్నవి కొనాలి. కొంచెం తెరిచి ఉన్నదాన్ని గోటితో కొడితే మూసుకోవాలి. మూసుకోకపోతే అది చచ్చినట్టే, పారేయాలి. బేరంలో ఎక్కువ వచ్చాయని వాటిని ఉంచుకోవద్దు. అమావాస్య, పున్నమి చుట్టూ సముద్రం బాగా వెనక్కి పోతుంది గనుక ఆ రోజుల్లో ఎక్కువగా, పెద్దవిగా దొరుకుతాయి.

ఇంటికి తెచ్చాక నల్లా కింద రుద్ది కడిగి, లీటరు నీళ్ళకు ముప్పై గ్రాముల పైచిలుకు ఉప్పు కలిపి, వెడల్పు గిన్నెలో రెండు గంటలు ఉంచాలి. ఒట్టి నీళ్ళలో పెడితే చచ్చిపోతాయి. మా అమ్మ చేసే తప్పు అదే, రాత్రంతా బకెట్లో మంచినీళ్ళు పోసి పెట్టేది, పొద్దున ఇల్లంతా వాసన. గిన్నెలో అడుగున చిల్లుల పళ్ళెం బోర్లించి దాని మీద గుల్లలు పెడితే అవి ఉమ్మిన ఇసుక కిందికి పోతుంది, మళ్ళీ పీల్చుకోవు.

పెద్ద గిన్నెలో రెండు గ్లాసుల నీళ్ళు మరిగించి, గుల్లల్ని మూడు దఫాలుగా వేసి మూత పెట్టాలి. నాలుగైదు నిమిషాల్లో నోళ్ళు తెరుస్తాయి. తెరిచినవాటిని తెరిచినట్టే తీసేయాలి, అన్నీ తెరిచేదాకా ఉంచితే ముందు తెరిచినవి రబ్బరు అవుతాయి. ఎంతకీ తెరవనివి చెత్తలోకి. మూడో దఫా అయ్యేసరికి రెండు గ్లాసులు పోసిన గిన్నెలో మూడు మూడున్నర గ్లాసులుంటాయి. ఆ ఎక్కువ వచ్చిందే మనకు కావలసింది. దాన్ని సింకులో పారబోసి, గుల్లలు మాత్రం తీసి, "నీచు పోయింది" అని సంతోషపడే ఇండ్లు నాకు కనీసం నాలుగు తెలుసు. వాళ్ళు బియ్యం పారేసి గంజి వార్చినంత పని చేశారు.

ఆ నీళ్ళను కదపకుండా ఇరవై నిమిషాలు పక్కన పెట్టి, పైనుంచి మెల్లగా రెండు మడతల గుడ్డలోకి వంచాలి. అడుగున మిగిలిన రెండు చెంచాలు వదిలేయండి. ఇక్కడ పిసినారితనం వద్దు, ఇసుకంతా అక్కడే ఉంటుంది. ఇప్పుడు చెంచాతో రుచి చూడండి. ఉప్పు ఎంతుందో తెలుస్తుంది. ఇది చూడకుండా ఉప్పు వేసినవాడికి వంట రాదని నా అభిప్రాయం. ఒక్కోసారి అది అంత ఉప్పగా ఉంటుంది, వేడినీళ్ళు కలిపి తగ్గించుకోవాలి.

తర్వాతిది చిన్న పని. రెండు ఉల్లిగడ్డలు సన్నగా తరిగి, కొవ్వులో సన్న మంట మీద మెత్తబడేదాకా వేయించాలి, రంగు మారొద్దు. ఎర్రగా వేయిస్తే తీపి ఎక్కువై గుల్ల మీద కూర్చుంటుంది. మూడు ఆలుగడ్డలు చెక్కు తీసి గోలీల కంటే కొంచెం పెద్ద ముక్కలు చేసి, గుల్లల నీళ్ళు, ఒక బిర్యానీ ఆకు వేసి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, తెర్లకుండా చిన్నగా ఉడకనివ్వాలి. ముక్కల అంచులు కరగడం మొదలైతే నాలుగు ముక్కలు గరిటెతో గిన్నె పక్కకు అదిమి చిదిమేయండి. ఆ పిండి చాలు, మైదా అక్కరలేదు. మంట ఆర్పాక గుల్లల మాంసం వేయాలి. తిసర్యా అయితే అట్లాగే, కోహాగ్ లాంటి పెద్దవైతే సన్నగా తరిగి. మిరియాలు అప్పటికప్పుడు దంచినవి, కాస్త ధారాళంగా. మూత పెట్టి పది నిమిషాలు ఆగాలి. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తెర్లకుండా వేడి చేసుకుంటే ఇంకా బాగుంటుంది. మా ఇంట్లో క్రీమ్ పడని రెండు గిన్నెలంతే మిగిలింది, మర్నాడు నేనొక్కణ్ణే తిన్నా.

ఇక కొవ్వు. ఇక్కడ నా వాదన కొంచెం కుంటుతుంది, దాచను. రోడ్ ఐలాండ్ గిన్నెలో ఉప్పు పంది కొవ్వు ముందు కరుగుతుంది. దాని పొగ, ఉప్పు అడుగున నిలబడి గుల్లను పైకెత్తుతాయి. మా ఇంట్లో పంది వండరు, నాయనమ్మ ఉన్నప్పుడు దాని పేరే ఎత్తనిచ్చేది కాదు. నేను రెండు చెంచాల వెన్న వాడతా. నెయ్యి వాడి చూశా, వాసన గెలిచేసింది. పల్లీ నూనె వాడితే ఏ వాసనా లేక చప్పగా అయింది. వెన్నతో చేసింది బాగానే ఉంటుంది కానీ పాటకెట్‌లో తాగినదానికి ఒక మెట్టు కిందే. పంది తినే ఇండ్లవాళ్ళు బేకన్ నాలుగు ముక్కలు వేసి చేసుకోండి. "వెన్న పాలలోంచే గదా వచ్చింది" అని బావ పాయింటు లాగాడు. లాగనీ. రెండు చెంచాలకూ రెండు వందల గ్రాముల డబ్బాకూ తేడా తెలియనివాడు సోలాపూర్‌లో చద్దర్లు ఎట్లా అమ్మాడో నాకర్థం కాదు. ఆయన తిరిగి అన్నాడు, "మాది చద్దర్, మీది చౌడర్, మాది కనీసం చలికి పనికొస్తది" అని. ఆ మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

ఒక్క భయం నిజమైనది. గుల్ల తను బతికే నీళ్ళను వడకట్టి తింటుంది. నీళ్ళలో ఏముంటే అది దానిలో చేరుతుంది. ముంబై ఖాడీల నీళ్ళు నా చిన్నప్పటివి కావు. అందుకే ఎక్కడివని అడిగి, మురుగు కలిసే చోట ఏరినవైతే వద్దనే చెబుతా. సముద్రంలో ఎర్రనాచు పెరిగిన రోజుల్లో గుల్లల్లో చేరే విషం ఎంత కాచినా పోదు, అప్పుడు తినకపోవడమే దారి. గుల్లలు పడనివాళ్ళకు నీళ్ళు ఒక చెంచా కూడా ఇవ్వొద్దు. ఈ భయాలకు క్రీమ్ ఏమీ చేయలేదు, మసాలా కూడా చేయలేదు. కేరళ అష్టముడి సరస్సులో గుల్లలు ఏరేవాళ్ళు ఎప్పుడు ఏరాలో, ఎంత ఏరాలో కట్టడి పెట్టుకుని, 2014లో మన దేశంలో మొదటగా ఎంఎస్‌సీ గుర్తింపు తెచ్చుకున్నారు. మన ఖాడీల ఆడవాళ్ళకూ అట్లాంటి ఆసరా దొరికితే అడిగి కొనాల్సిన పని తగ్గేది.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మన కుటుంబాల వంటల జాబితా ఒకటి తయారవుతోంది, మీలో చాలామంది పంపారు. జొన్నరొట్టె ఉంది, సర్వపిండి ఉంది, సకినాలున్నాయి, పచ్చిపులుసు ఉంది, సోలాపూర్ వాళ్ళ పల్లీ చట్నీ పొడి కూడా ఉంది. మా ఇంటి నుంచి నేను పంపిన తిసర్యా నీళ్ళ కూర లేదు. అడిగితే, "అది మనది కాదన్నా, కోళోళ్ళది, పైగా సమ్మె నాటి తిండి, పిల్లలు చూస్తే బాగుండదు" అన్నారు. సమ్మె నాటి తిండి అనే పంపా. దానికి సిగ్గుపడేవాళ్ళే ఇంట్లో క్రీమ్ పోసి, కొత్తిమీర చల్లి, ఫోటో తీసి "హోమ్‌మేడ్ చౌడర్" అని అందరికీ పంపుతున్నారు. అదే గుల్ల, అదే ఖాడీ, అదే మావ్‌షీల మనవరాళ్ళు అమ్మింది. డాలర్ల ఊరి పేరు తగిలితే పండగ వంట, నాయనమ్మ జర్మన్ గిన్నెలో ఉంటే దాచాల్సింది. మా నాయనమ్మ ఆ నీళ్ళు ఆరు నెలలు తాగి ఇద్దరు మనవల్ని బడి మాన్పించకుండా చదివించింది. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను, ఇంకొకతె బావ చేసుకున్న మా అక్క.

అక్క ఆ రోజు గిన్నె ముందుకు చాపలేదు, గమనించా. క్రీమ్ డబ్బా తన దాకా వస్తే చెయ్యి అడ్డం పెట్టి, గిన్నె ఎత్తుకుని అంచు నుంచే తాగింది. తర్వాత ఏమీ అనలేదు. "ఆమ్‌సోల్ వేయలేదేందిరా" అని మాత్రం అడిగింది.

జాబితాకు నా కూరను రెండోసారి పంపుతున్నా, ఈసారి చౌడర్ కాకుండా నాయనమ్మ పద్ధతే, ఆమ్‌సోల్‌తో సహా. చౌడర్ మళ్ళీ ఈ అమావాస్య తర్వాతి ఆదివారం మా ఇంట్లో. బావా, మీరు తప్పక రావాలె. క్రీమ్ డబ్బా తెస్తే చెప్పుల దగ్గర వదిలి లోపలికి రండి.